చర్మం గిల్లుకోవడం, గోళ్లు కొరుక్కోవడం, జుట్టు పీక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఉంటూ చాలా ఏళ్లుగా ఈ అలవాటుతో బతుకుతున్నదాన్ని. నాలాంటివాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి నా జవాబులు ఇవి. డాక్టర్‌ని కాను. చదివి తెలుసుకున్నవీ, డాక్టర్లు చెప్పగా విన్నవీ, నా చేతుల మీద చూసినవీ రాస్తున్నాను.

మొటిమ వస్తే అందరూ గిల్లుకుంటారు కదా, ఇందులో జబ్బేముంది?

నిజమే, మొటిమ మీద చెయ్యి వేయనివాళ్లు ఉండరు, దోమ కుట్టిన చోట పక్కు కడితే పీకెయ్యని పిల్లలూ ఉండరు. అది జబ్బు కాదు. ఆపాలని గట్టిగా అనుకున్నా ఆగకపోవడం, పుండు మానే లోపే మళ్లీ దాని మీదకే చెయ్యి వెళ్లడం, దాంతో పనో చదువో నలుగురిలోకి వెళ్లడమో దెబ్బతినడం, ఇవన్నీ కలిస్తే మాత్రం సమస్యే. పెళ్లికి పిలిస్తే చేతులు కనబడతాయని మానేస్తున్నారా, మే నెల ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరుగుతున్నారా, అలాగైతే ఇక చదవండి.

అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల జాబితా డి.ఎస్.ఎం.-5లో చర్మం గిల్లుకోవడాన్ని విడిగా ఒక రుగ్మతగా చేర్చారు. జుట్టు పీక్కోవడం అంతకు ముందు నుంచే ఆ జాబితాలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐ.సి.డి.-11 (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) ఈ రెండింటినీ శరీరం మీద పదే పదే చేసుకునే అలవాట్ల గుంపులో పెట్టింది. గోళ్లు కొరకడం, పెదవి తోలు పీకడం, బుగ్గ లోపల కొరుక్కోవడం కూడా శ్రుతి మించితే వీటి పక్కకే వస్తాయి. వేర్వేరు దేశాల్లో సర్వేలు చేస్తే చర్మం గిల్లుకునేవాళ్లు వందకి ఒకరి నుంచి ఐదుగురి దాకా తేలారు. అంటే మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరో ఉండే ఉంటారు, వాళ్లూ మీలాగే దాచుకుంటున్నారు.

మరి ఎందుకు ఆపుకోలేకపోతున్నాను? నాకు మనోబలం లేదా?

ఈ ప్రశ్నకే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే దాదాపు అందరూ అడిగేది ఇదే, అందరూ ముందుగానే "లేదు" అని తమకి తామే జవాబు చెప్పేసుకుని వస్తారు. మనోబలానికీ దీనికీ సంబంధం లేదు. ఇంట్లో నలుగురికి వండిపెట్టి, ఆఫీసుకి వెళ్లి, రాత్రి పిల్లల హోంవర్క్ చూసే మనిషికి మనోబలం లేదని ఎలా అంటాం?

జరిగేది ఇది. మీరు ఫోన్ చూస్తూనో చదువుతూనో ఉంటారు. బొటనవేలు దానంతట అదే చూపుడువేలి గోరు పక్కకి వెళ్లి తడుముతుంది, అక్కడ ఎండిన తోలు అంచు ఒకటి కాస్త లేచి, గరుగ్గా తగులుతుంది. అంతే, ఆ అంచు తగిలిందంటే దాన్ని సాఫు చేసేదాకా వేలు ఊరుకోదు. లాగితే పచ్చి చర్మం దాకా వస్తుంది, అప్పుడు మంట పుడితే గానీ మనసు అటు తిరగదు. మనం "గిల్లుకుందాం" అని ఎక్కడా అనుకోలేదు చూడండి. నిపుణులు ఇలా తెలియకుండా జరిగేదాన్ని ఒక రకంగా లెక్కేస్తారు, తెలిసి చేసేదాన్ని ఇంకో రకంగా. రెండోది ఎలా ఉంటుందంటే, అద్దం ముందు నిలబడి ఒక మొటిమ చూస్తాం, అది "పోతే బాగుండు" అనిపిస్తుంది, గిల్లేదాకా లోపల ఒకటే ఒత్తిడి, గిల్లాక కాసేపు హాయి, ఆ తర్వాత మొహం చూసుకుని ఏడుపు. చాలామందిలో రెండూ ఉంటాయి.

ఆ కాసేపటి హాయి అబద్ధం కాదు, అదే మెదడుకి దారి నేర్పుతుంది. టెన్షన్ వచ్చినా, బోర్ కొట్టినా, అలసిపోయినా చెయ్యి అదే దారి పడుతుంది. టెన్షన్ ఒక్కటే కారణం అని చాలామంది అనుకుంటారు కానీ ఏ పనీ లేని ఆదివారం మధ్యాహ్నం కూడా అంతే ప్రమాదం. ఇది కుటుంబాల్లో నడుస్తుందని కూడా పరిశోధనల్లో కనబడింది, కాబట్టి మీ నాన్నగారు పేపర్ చదువుతూ గోళ్లు కొరుక్కునేవారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎక్కువమందికి ఇది మొటిమలు వచ్చే వయసులో మొదలవుతుంది, కొందరికి ముప్పై దాటాక కూడా.

ఇది ఓసీడీయేనా? లేక కావాలని గాయం చేసుకోవడమా?

ఓసీడీకి చుట్టం, ఓసీడీ మాత్రం కాదు. ఓసీడీలో ఒక భయమో ఆలోచనో వెంటపడుతుంది, దాన్ని తప్పించుకోవడానికి చేతులు కడగడం, తాళం చూడడం లాంటివి చేస్తారు. ఇక్కడ చాలాసార్లు ఆలోచనే ఉండదు, చేతి కింద తగిలే స్పర్శ ఉంటుంది. కొందరికి రెండూ కలిసి ఉండొచ్చు.

కావాలని నొప్పి కలిగించుకోవడం కూడా కాదు. మనకి కావలసింది నున్నటి చర్మం, నొప్పి కాదు. అయితే చచ్చిపోవాలనిపించడం, తనని తాను శిక్షించుకోవాలనిపించడం మీలో ఉంటే అది వేరే సంగతి, దానికి ఈ జవాబులు చాలవు, ఈ రోజే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య లైను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

దురద వల్లే గీక్కుంటున్నానేమో?

అవ్వొచ్చు, అందుకే ముందు అది తేల్చుకోవాలి. గజ్జి, తామర, ఎగ్జిమా, చెమటకాయలు, థైరాయిడ్ తేడా, ఐరన్ తక్కువ కావడం, లివర్ సమస్యలు, ఇవన్నీ దురద తెస్తాయి. రాత్రిపూట వేళ్ల సందుల్లో దురద పెట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే గజ్జి అని అనుమానించాలి, దానికి ఇంటిల్లిపాదికీ మందు రాయాలి. దురద తగ్గాక కూడా చెయ్యి ఆగకపోతే అప్పుడు ఈ దారి.

మా వైజాగ్ ఉక్కపోతకి ఇది ఎక్కువవుతుందా?

అలవాటుకి కారణం వాతావరణం కాదు, కానీ దానికి మేత వేస్తుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, మార్చి చివరి నుంచే మెడ మీదా వీపు మీదా చెమటకాయలు లేస్తాయి, చేతికి తగిలేవి ఎక్కువ, గిల్లేవి ఎక్కువ. గాజువాక నుంచి కిక్కిరిసిన బస్సులో వచ్చి చెమట ఆరకుండా కూర్చుంటే మరీను. ఇంటికి రాగానే స్నానం, వదులు నూలు బట్టలు, చెమటకాయల మీద కాలమైన్ లోషన్, ఇవి చేస్తే ఆ గరుకు తగ్గుతుంది. చలికాలంలో ఏసీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఉల్టా సమస్య, చర్మం ఎండి పెచ్చులు లేస్తుంది. వాళ్లు చేతులకీ పెదవులకీ వాజెలిన్ దగ్గర పెట్టుకోవాలి. లేచిన తోలు అంచు కనబడితే పీకకుండా గోళ్లు తీసుకునే కత్తెరతో మొదలంటా కత్తిరించెయ్యండి, కనబడినప్పుడే, "తర్వాత" అనుకోకుండా.

ఏ ఉపాయం నిజంగా పనిచేస్తుంది?

ఎక్కువ పరిశోధన ఉన్నది అలవాటు మళ్లింపు శిక్షణకి (ఇంగ్లీషులో హ్యాబిట్ రివర్సల్ ట్రైనింగ్ అంటారు). 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు దీన్ని రాశారు, ఇప్పటికీ చికిత్స దాని చుట్టూనే తిరుగుతోంది. ఇందులో "ఆపు" అనే ఆజ్ఞ ఎక్కడా లేదు, నాకు ఇది నచ్చింది అందుకే.

మొదట గమనించడం. ఒక వారం పాటు ఏమీ మార్చకండి, చిన్న పుస్తకంలోనో ఫోన్‌లోనో రాసుకోండి: ఎక్కడ కూర్చున్నారు, ఏం చేస్తున్నారు, ఏ వేలు ఎక్కడికి వెళ్లింది, అప్పుడు మనసెలా ఉంది. తిట్టుకుంటూ రాయకండి, కరెంటు మీటర్ రీడింగ్ రాసుకున్నట్టు రాయండి. నాలుగు రోజులయ్యేసరికి చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే "ఎప్పుడూ గిల్లుకుంటూనే ఉంటాను" అనుకున్నది నిజానికి రెండు మూడు చోట్లకి కుదించుకుపోతుంది. పడుకునే ముందు ఫోన్, బాత్రూమ్ అద్దం, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు. ఆ చోట్లు తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత బదులు పని. చెయ్యి పైకి లేస్తోందని తెలిసిన క్షణాన, లేదా అప్పటికే గిల్లుతున్నా సరే, పిడికిలి బిగించి ఒక నిమిషం నుంచి మూడు నిమిషాలు అలాగే ఉంచండి. లేదా రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకోండి. ఆ పని చేస్తూ గిల్లడం కుదరకూడదు, పక్కవాళ్లకి తేడాగా కనబడకూడదు, అదీ షరతు. కోరిక అల పైకి లేస్తుంది, మీరు ఏమీ చెయ్యకపోయినా కాసేపటికి దిగుతుంది. మొదటి రోజుల్లో ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా.

ఆ తర్వాత చోటు మార్చడం. పడుకునే ముందు చేతికి నూలు గ్లౌజులు, గోరు పక్కన బ్యాండ్ ఎయిడ్, గోళ్లు పొట్టిగా కత్తిరించి ఆకురాయితో అంచులు నున్నగా చేసుకోవడం. వెంట్రుకలు పీకే చిన్న పట్టకారు (ట్వీజర్) ఉంటే అమ్మకో అక్కకో ఇచ్చేయండి, కావలసినప్పుడు అడిగి తీసుకోవచ్చు. వేళ్లకి కూడా ఏదో ఒక స్పర్శ కావాలి, దాన్ని వాటికి ఇవ్వాలి. బఠాణీలు, చిక్కుడుకాయలు ఒలవడం, పూలు కట్టడం, జపమాల తిప్పడం, రబ్బరు బంతి నొక్కడం, ఇవి నాకు తెలిసినవాళ్లకి బాగా పనికొచ్చాయి. సాయంత్రం టీవీ ముందు మల్లెపూలు కట్టుకుంటూ కూర్చునే ఒక పిన్నిగారికి ఆ సీజన్ అంతా వేళ్లు మానిపోయాయి.

బాత్రూమ్ అద్దం ముందు ఇరుక్కుపోతున్నాను, ఏం చేయను?

ఆ అద్దం మీద ఉన్న తెల్లటి లైటు తీసి తక్కువ వాట్ల పసుపు బల్బు పెట్టండి. అద్దానికి మరీ దగ్గరగా వెళ్లకండి, చెయ్యి చాపితే అద్దం అందనంత దూరంలో నిలబడి మొహం కడుక్కోండి, ఆ దూరం నుంచి మీ మొహంలో మీరు చూసే గుంతలు నిజంగా కనబడవు, మిమ్మల్ని చూసే మనుషులు కూడా అంత దూరం నుంచే చూస్తారు. తలుపు వేసుకుని లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఐదు నిమిషాల అలారం పెట్టి ఫోన్ బయట వదిలేయండి, ఆపాలంటే బయటికి రావాలి కదా.

పుండ్లు ఎలా చూసుకోవాలి?

మామూలు సబ్బు, నీళ్లతో కడిగి, ఒత్తి ఆరనిచ్చి, పల్చగా వాజెలిన్ రాసి, పైన ప్లాస్టర్ వేయండి. తడిగా మూసి ఉంచిన పుండు తొందరగా మానుతుంది, పక్కు కట్టి ఎండితే అదే మళ్లీ చేతిని పిలుస్తుంది. మొటిమలకి అంటించే హైడ్రోకొల్లాయిడ్ పాచ్‌లు మెడికల్ షాపుల్లో దొరుకుతున్నాయి, అవి మనకి రెండు విధాలా లాభం, గాయం మానుతుంది, వేలికి తగలదు. టూత్‌పేస్టు, సున్నం, నిమ్మరసం వద్దు. కోసిన వేళ్లతో నిమ్మకాయ పిండినా, ఆవకాయ కలిపినా ప్రాణం పోతుంది, ఆ రోజులకి గ్లౌజులు వాడండి, ఇంట్లో ఎవరేమన్నా సరే.

చుట్టూ ఎరుపు పాకుతుంటే, వేడిగా వాచి చీము పడితే, జ్వరం వస్తే ఆలస్యం చేయకండి. గోరుచుట్టు లేచినా అంతే. షుగర్ ఉన్నవాళ్లు చిన్న పుండుని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో మాట, ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మచ్చలు పోతాయని చీటీ లేకుండా షాపులో ఇచ్చే ట్యూబులు మొహానికి రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం మొహం తెల్లగా నున్నగా అవుతుంది, తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా ఎక్కువ లేస్తాయి, గిల్లుకునేవాళ్లకి అంతకంటే నరకం లేదు.

నల్ల మచ్చలు పోతాయా?

మన రంగు చర్మంలో గాయం మానాక నల్లగా మిగలడం మామూలే. లోతుగా గుంత పడనివి చాలావరకు నెలల్లో నెమ్మదిగా తగ్గుతాయి, అక్కడ మళ్లీ గిల్లకపోతే. ఎండ తగిలితే మచ్చ ముదురుతుంది, కాబట్టి సన్‌స్క్రీన్ రాయండి. గుంతలకి స్కిన్ డాక్టర్ దగ్గర చికిత్సలున్నాయి కానీ అలవాటు అదుపులోకి వచ్చాకే డబ్బులు పెట్టండి.

జుట్టు పీక్కునే పిల్లకి సింహాచలంలో గుండు చేయిస్తే పోతుందా?

అప్పన్నకి తలనీలాలు ఇవ్వడం మీ మొక్కు అయితే సంతోషంగా ఇవ్వండి. దాన్ని చికిత్స అనుకుంటే మాత్రం నిరాశే. పట్టుకోవడానికి వెంట్రుక లేనంత కాలం ఆగుతుంది, కొందరు ఆ రోజుల్లో కనుబొమ్మలకో రెప్పలకో మారతారు, జుట్టు వేలికి అందేంత పెరగగానే చెయ్యి తిరిగి వస్తుంది. ఆ పిల్ల ఇష్టం లేకుండా శిక్షలా చేయిస్తే బడిలో పడే అవమానం అదనం. ఐదేళ్ల లోపు పిల్లల్లో ఈ అలవాటు చాలాసార్లు దానంతట అదే పోతుంది, పది పన్నెండేళ్లకి మొదలైతే వదిలేయకుండా చూపించాలి.

పీకిన వెంట్రుకలు మింగుతోందేమో మాత్రం తప్పకుండా గమనించండి. కడుపులో ఉండలా చేరి పేగులకి అడ్డం పడొచ్చు. ఆకలి తగ్గడం, కడుపు నొప్పి, వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, వెంట్రుకల సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

మందులున్నాయా?

ఈ అలవాటుని ఒక్కసారిగా మాన్పించే మాత్ర లేదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందుని అమెరికాలో చర్మం గిల్లుకునే 66 మంది పెద్దలపై 12 వారాలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్నవాళ్లలో సగానికి కాస్త తక్కువమందికి బాగా తగ్గింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి. జుట్టు పీక్కునే పిల్లల్లో అదే మందు పరీక్షిస్తే ప్రయోజనం కనబడలేదు. మెమాంటిన్ అనే ఇంకో మందు మీద 2023లో వచ్చిన పరీక్ష ఫలితాలు కూడా ఆశాజనకంగా ఉన్నాయి. డిప్రెషన్‌కి, ఓసీడీకి ఇచ్చే ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులు ఈ అలవాటు మీద ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తాయి, కానీ పక్కన దిగులు, ఆందోళన ఉంటే వాటికి మేలు చేస్తాయి. ఆన్‌లైన్‌లో కొనుక్కుని సొంతంగా మింగకండి, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు.

విశాఖలో ఎవరికి చూపించుకోవాలి?

పుండ్లు, దురద, మచ్చలైతే ముందు స్కిన్ డాక్టర్. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) చర్మ వ్యాధుల ఓపీ ఉంది. అలవాటుకైతే సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రైవేటులో అయితే ఫోన్ చేసినప్పుడే అడగండి, "చర్మం గిల్లుకోవడానికి అలవాటు మళ్లింపు శిక్షణ ఇస్తారా" అని. తెలియదన్నవాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోనవసరం లేదు.

వాల్తేరు ఆసుపత్రి పేరెత్తితే మా ఇంట్లో కూడా గొంతులు తగ్గేవి. "అక్కడికా? ఎవరైనా చూస్తే?" అని. ఓపీలో కూర్చుంటే పక్కన నిద్ర పట్టని పెద్దాయన ఉంటారు, పరీక్షల భయంతో వచ్చిన ఇంటర్ కుర్రాడు ఉంటాడు, వాళ్లూ మనల్ని ఎవరైనా చూస్తారేమో అనే అనుకుంటూ ఉంటారు.

డాక్టర్ ముందు మాట రాకపోతే కాగితం మీద రాసుకెళ్లి ఇచ్చేయండి. ఎక్కడ గిల్లుకుంటారు, ఎప్పటి నుంచి, రోజులో ఎంతసేపు, ఏం మందులు వాడుతున్నారు. బట్టల కింద ఉన్నవి కూడా చూపించండి. ఎవరైనా డాక్టర్ "గిల్లకమ్మా, సరిపోతుంది" అని పంపించేస్తే (నాకూ జరిగింది) ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మా అమ్మాయి చేతులు చూస్తే బాధేస్తోంది, "గిల్లకే" అంటే విసుక్కుంటోంది. మేమేం చేయాలి?

అనడం తగ్గించండి. "చెయ్యి తియ్యి" అని రోజుకి ఇన్నిసార్లు వింటే ఆ పిల్ల మానదు, మీకు కనబడని చోటికి మారుతుంది, చేతుల నుంచి భుజాలకి, భుజాల నుంచి తొడలకి. వేళ్లకి వేపాకు రసం రాయడం, కొట్టడం, చుట్టాల ముందు చేతులు చూపించి సిగ్గుపడేలా చేయడం, ఇవన్నీ అంతే.

తనని కూర్చోబెట్టి ఒకసారి అడగండి: "నీకు తెలియకుండా చెయ్యి వెళ్తే నేను గుర్తు చేయనా, వద్దా? చేస్తే ఎలా చేయమంటావ్?" కొందరు పిల్లలు భుజం మీద మెల్లగా తట్టమంటారు, కొందరు ఒక మాట చెప్పమంటారు, కొందరు అసలు వద్దంటారు. వద్దంటే వద్దు. గిల్లుకోని సాయంత్రం కనబడితే దాని గురించి మాట్లాడండి. ప్లాస్టర్లు, వాజెలిన్ అడగకుండానే తన టేబుల్ మీద పెట్టండి. పెళ్లిలో ఏ పెద్దమ్మో "ఏమ్మా చేతులకేమైంది?" అని అందరి ముందు అడిగితే, జవాబు మీరు చెప్పండి, "స్కిన్ ప్రాబ్లమ్ అక్కా, మందులు వాడుతున్నాం" అని, పిల్ల మీదకి వదిలేయకండి.

పెళ్లి కుదిరింది. చెప్పాలా?

చెప్పడం మంచిదని నా అభిప్రాయం, అయితే మొదటి చూపుల్లోనే చెప్పాల్సిన సంగతేం కాదు. ఇద్దరూ విడిగా మాట్లాడుకునేటప్పుడు రెండు వాక్యాల్లో చెప్పొచ్చు: "నాకు చర్మం గిల్లుకునే అలవాటు ఉంది, అది అంటుకునేది కాదు, చికిత్స తీసుకుంటున్నాను. టెన్షన్‌గా ఉన్నప్పుడు ఎక్కువవుతుంది." దాచిపెట్టి, పెళ్లయ్యాక లైటు వేయనివ్వకుండా, స్లీవ్‌లెస్ వేసుకోకుండా ఏళ్ల తరబడి కాపాడుకోవడం గిల్లుకోవడం కంటే ఎక్కువ అలసట.

రెండు నెలలు బాగానే ఉన్నాను, పరీక్షల్లో మళ్లీ మొదలైంది. మొత్తం పోయినట్టేనా?

కాదు. ఇది ఎక్కువగా వస్తూ పోతూ ఉండే సమస్య. పరీక్షలు, ఇంట్లో అనారోగ్యం, షిఫ్టు మారడం, నెలసరి ముందు రోజులు, వీటిల్లో పెరగడం చాలామందిలో చూస్తాం. ఆ రెండు నెలలు మానిన చర్మం ఎక్కడికీ పోలేదు, ఆ రెండు నెలల్లో నేర్చుకున్నదీ పోలేదు. మళ్లీ రాసుకునే పుస్తకం తీయండి, ఈసారి చెయ్యి ఎక్కడికి వెళ్తోందో చూడండి, చోటు మారి ఉండొచ్చు. పాత ప్లాస్టర్ల డబ్బా అయిపోతే కొత్తది తెచ్చుకోండి. రెండు వారాలు చూసినా పెరుగుతూనే ఉంటే మీ సైకాలజిస్ట్‌కి ఫోన్ చేసి మామూలు తేదీ కంటే ముందే వస్తానని అడగండి.